కాలువ వదిలారండోయ్!

రోహిణి కార్తె ఎండలకు నేల నెర్రెలిచ్చి ఉంటుంది. కాలువ అడుగున మట్టి పెళ్లలు లేచి, మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుకున్న గుర్తులు కూడా కనిపిస్తుంటాయి. సరిగ్గా అప్పుడొస్తుంది కబురు... 'కాలువ వదిలారట!'

ఇక ఊళ్లో అందరి చూపూ అటే. అన్నిటికన్నా ముందు ఎండుటాకులూ పుల్లాపుడకా, వాటి వెనక నురగ, ఆ వెనక బురదరంగు నీరు. మనిషి నడిచినంత నింపాదిగా అది గట్ల మధ్య ముందుకొస్తుంటే కొంగలు ఎగిరొచ్చి వాలతాయి. నెర్రెల్లోంచి పురుగులు బయటికొస్తాయిగా మరి! పైఊళ్లో ఉన్న బంధువులకు ఫోన్లు మొదలవుతాయి.

'నీళ్లు ఎందాకా వచ్చాయి బాబాయ్?'

'లాకులు దాటేశాయిరా. రేపు పొద్దుటికల్లా మీ తూము దగ్గరుంటాయి. నారుమడికి దుక్కి చేయించుకో!'

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఏటా తొలకరి వేళ కనిపించే దృశ్యమిది. బ్యారేజీ దగ్గర పూజ చేసి, పసుపు కుంకుమలు చల్లి, చీర సమర్పించి మరీ గేట్లెత్తుతారు. క్యాలెండర్లో లేకపోయినా డెల్టా రైతుకు అది పండగే. ఎందుకంటే, నది తనంతట తాను పారుతుంది. కాలువ అలా కాదు... ఎవరో ఒకరు తలుపు తీస్తేనే పారుతుంది. దారి పొడవునా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉంటేనే చివరిదాకా చేరుతుంది.

వాగు వేరు... కాలువ వేరు

ఏరు, వాగు, వంక... ఇవన్నీ ప్రకృతి గీసిన గీతలు. వానకు పుట్టి, పల్లం వెతుక్కుంటూ పోతాయి. కాలువ మాత్రం మనిషి గీసిన గీత. మనం కాలువ అంటే తమిళులు కాల్‌వాయ్ అంటారు, కన్నడిగులు కాలువె అంటారు. ఒకప్పటి నిజాం ఏలుబడిలో ఉర్దూ మాట 'నహర్' వాడుకలో ఉండేది. మెదక్ జిల్లాలో మంజీర మీద కట్టిన ఘనపురం ఆనకట్ట కాలువల పేర్లు ఇప్పటికీ మహబూబ్ నహర్, ఫతే నహర్.

ఇంటిముందు మురుగు పారేదీ మనకు కాలువే, లక్షల ఎకరాలు తడిపేదీ కాలువే. మాట ఒకటే అయినా పనులు వేరు. పంట కాలువల అల్లికను తెలుసుకోవాలంటే చెట్టును చూస్తే చాలు. బ్యారేజీ దగ్గర మొదలయ్యే ప్రధాన కాలువ మాను. అందులోంచి బ్రాంచి కాలువలు కొమ్మల్లా చీలతాయి. వాటినుంచి పంట కాలువలు, పిల్ల కాలువలు రెమ్మలు. చిట్టచివర పొలం గట్టున జానెడు వెడల్పుతో పారే బోదె... అది ఆకు ఈనె. పైరుకు నీరు తాగించేది ఆ బోదే.

అక్కడితో అయిపోలేదు. పొలం తాగగా మిగిలిన నీరూ, వాననీరూ బయటికి పోవడానికి ఇంకో వరస కాలువలు కావాలి. అవే మురుగు కాలువలు. చిన్నవి పెద్దవాటిలో కలిసి, అవి సముద్రంలోనో కొల్లేటిలోనో కలుస్తాయి. ఒంట్లో మంచి రక్తం తెచ్చే ధమనులూ, చెడు రక్తం తీసుకెళ్లే సిరలూ ఉన్నట్టే ఇదీనూ. ఏ ఒక్కటి పూడినా ప్రాణానికి ముప్పే.

కరువులోంచి పుట్టినవి

ఇప్పుడు పచ్చగా కనిపిస్తున్న డెల్టా ఒకప్పుడు ఆకలితో అలమటించిన నేలంటే నమ్మబుద్ధి కాదు. 1832-33లో వచ్చిన కరువును నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువనీ, మనుషులను డొక్కలెండిపోయేలా చేసింది కాబట్టి డొక్కల కరువనీ చెప్పుకున్నారు. ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షమందికి పైగా చనిపోయారు. అది చాలదన్నట్టు 1839లో కోరంగిని తుపాను ముంచెత్తింది. విచిత్రమేమిటంటే, అన్నాళ్లూ గోదావరి నిండుగా పక్కనుంచే పారుతూ సముద్రంలో కలిసిపోతోంది. నీళ్లున్నాయి... పొలానికి తెచ్చే దారే లేదు.

ఆ దారి వేసినవాడు ఆర్థర్ కాటన్. అంతకుముందే కావేరి మీద పనిచేసిన అనుభవం ఆయనది. ఇసుక పునాదుల మీద ఆనకట్ట నిలబెట్టే కిటుకును కావేరి మీది పాతకాలపు కల్లణై కట్టినవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. లంకలతో కలుపుకొని ఆరు కిలోమీటర్ల వెడల్పున్న గోదావరికి అడ్డంగా ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలైంది. 1852లో పూర్తయింది. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర కాలువలకు తలుపులు పెట్టారు. స్థానికుడైన వీణెం వీరన్న లాంటి ఇంజినీరు పక్కన నిలబడకపోతే, వేలమంది కూలీలు పలుగూ పారా పట్టకపోతే ఆ పని అయ్యేది కాదు. ఈ రోజున ఆ కాలువల కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

గోదావరి గట్టున స్నానం చేసేటప్పుడు సంకల్పంలో కాటన్ దొర పేరునూ తలచుకునే పురోహితులున్నారు. పరాయి పాలకుల ఉద్యోగికి ఊరూరా విగ్రహాలు పెట్టుకుని దండలు వేసే ప్రాంతం ఇంకోటి కనిపించడం కష్టం. కడుపు నింపిన చేతిని జనం అంత తేలిగ్గా మరచిపోరు మరి!

గోదావరి తరవాత కృష్ణ. బెజవాడ దగ్గర 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది. దానికి 1952లో గండిపడింది. ఆ తరవాత కట్టిందే 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ... మూడూ విజయవాడ నగరం మధ్యనుంచే సాగిపోతాయి. అటువైపు గట్టునుంచి గుంటూరు జిల్లాకు మరో కాలువ. మొత్తం కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు.

రాయలసీమ కథ ఇంకోరకం. అక్కడి కేసీ కాలువను, అంటే కర్నూలు-కడప కాలువను 1860ల్లో తవ్వించింది లాభం కోసం పెట్టిన ఓ ప్రైవేటు కంపెనీ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్లించి, అటు సాగుకూ ఇటు పడవలకూ డబ్బు వసూలు చేసుకోవాలన్నది వాళ్ల ఆలోచన. లెక్క తప్పింది. 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది. కంపెనీ నష్టపోయినా కాలువ మాత్రం సీమకు మిగిలింది.

స్వాతంత్ర్యం తరవాత తవ్వినవి ఇంకా పొడవు. నాగార్జునసాగర్ నుంచి 1967లో నీళ్లు వదిలిన కుడి కాలువ 203 కిలోమీటర్లు. శ్రీరాంసాగర్ దగ్గర బయల్దేరే కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు. రైల్లో వెళ్లినా కొన్ని గంటలు పట్టే దూరాన్ని నీరు మోటారు లేకుండా నడుచుకుంటూ వెళుతుందన్నమాట.

నీరు పల్లమెరుగు

ఎలా వెళుతుంది? 'నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు' అన్న సామెతలో మొదటి సగమే కాలువ శాస్త్రమంతా. కాలువ తవ్వడం గొప్ప కాదు, వాలు తప్పకుండా తవ్వడం గొప్ప. డెల్టా నేల అద్దంలా చదునుగా ఉంటుంది. మైలు దూరానికి ఒకటి రెండు అడుగుల వాలు దొరకడమే ఎక్కువ. వాలు పెరిగితే నీరు ఉరికి గట్లను కోసేస్తుంది. తగ్గితే కదలక ఒండ్రు పేరుకుంటుంది. కంప్యూటర్లూ ఉపగ్రహాలూ లేని రోజుల్లో ఆ లెక్కను గొలుసులతో, మట్టపు పరికరాలతో కొలిచి వేశారు.

నేల ఒక్కసారిగా దిగిపోయేచోట ఏం చేయాలి? అక్కడ పుట్టిందే లాకు. కాలువలో ముందూ వెనకా రెండు జతల తలుపులున్న గదిలాంటిది అది. పైనుంచి వచ్చిన పడవ గదిలోకి చేరగానే వెనక తలుపులు మూసేస్తారు. చిన్న తూములు తెరిచి గదిలో నీటిని మెల్లగా కిందికి వదులుతారు. నీటితోపాటే పడవా దిగుతుంది. కింది కాలువ మట్టానికి రాగానే ముందు తలుపులు తెరుస్తారు. పడవ సాగిపోతుంది. పైకి ఎక్కాలంటే ఇదే పని తిరగేసి చేయాలి. కడియం లాకులు, లొల్ల లాకులు అన్న పేర్లు గోదావరి జిల్లాల వాళ్ల నోళ్లలో నానడానికి కారణమిదే.

మరి కాలువకు నదే అడ్డమొస్తే? కోనసీమలోని పి.గన్నవరం వెళ్లినవాళ్లకు జవాబు తెలుసు. అక్కడ గోదావరి పాయ వైనతేయ కింద పారుతుంటే, దాని మీదుగా వంతెనలాంటి కట్టడంపై కాలువ పారుతుంది. కింద నది, పైన కాలువ! అదే అక్విడక్టు. 49 ఖానాలతో 1850ల్లో కట్టిన ఆ వంతెన అవతలి లంక భూములకు నీరందించింది. పాతబడిన దాని పక్కనే తరవాత కొత్తది కట్టి, అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలి తీర్చే కట్టడానికి అంతకన్నా తగిన పేరు ఇంకేముంటుంది!

లెక్క తెలుసుకుందాం

పేపర్లో రోజూ కనిపించే 'క్యూసెక్కు' అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. లీటర్లలో చెప్పాలంటే 28.3. ఒక్క క్యూసెక్కు నీరు రోజంతా పారితే దాదాపు 24.5 లక్షల లీటర్లు. దాన్ని రెండెకరాల్లో నిలబెడితే సుమారు అడుగు లోతున నిలుస్తుంది. ఇక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. కాలువలో 11,574 క్యూసెక్కులు ఓ పగలూ రాత్రీ ఆగకుండా పారితే ఒక టీఎంసీ అవుతుంది.

పడవల రాజ్యం

ఇప్పుడంటే కాలువ అనగానే పొలమే గుర్తొస్తుంది కానీ, మన తాతముత్తాతలకు అది రోడ్డు కూడా. సరకుల రవాణాకు రైలుమార్గాల కన్నా జలమార్గాలే చవకని కాటన్ గట్టిగా వాదించాడు. అందుకే డెల్టా కాలువలను పడవలు తిరిగేలా తవ్వారు. గాలివాటం ఉంటే తెరచాప, లేకుంటే గెడ, అదీ కుదరకపోతే గట్టున నడుస్తూ తాడుతో లాగడం. ధాన్యం, కొబ్బరి, ఉప్పు, కలప, పొగాకు అన్నీ పడవల్లోనే. రాత్రి పడవెక్కి, మూటమీద తల పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి బంధువుల ఊరు. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' కథ చదివినవాళ్లకు ఆ రోజులు కొత్త కాదు.

కాకినాడలో పడవెక్కినవాళ్లు సముద్రం మొహం చూడకుండా మద్రాసు చేరేవారంటే ఆశ్చర్యంగా ఉంటుంది. కాకినాడ కాలువలో ధవళేశ్వరం, గోదావరి దాటి విజ్జేశ్వరం నుంచి ఏలూరు, అక్కడినుంచి బెజవాడ. కృష్ణ దాటి కొమ్మమూరు కాలువలో పెదగంజాం. అక్కడ అందుకునేది బకింగ్‌హాం కాలువ. అది తీరం వెంబడే నెల్లూరు జిల్లా దాటి, పులికాట్ సరస్సు మీదుగా మద్రాసులోకి వెళుతుంది. మద్రాసు నుంచి ఉత్తరంగా ఈ కాలువను తవ్వడం 1806లోనే మొదలైంది. 1876-78 నాటి ఘోర కరువులో పనుల్లేని జనానికి కూలి ఇచ్చి, నగరంలోని అడయారు, కూవం నదులను కలిపే భాగాన్ని తవ్వించారు. అప్పటి గవర్నరు పేరే దానికి స్థిరపడింది. శ్రీహరికోట సరుగుడు కట్టెలు మద్రాసు వంటిళ్లకు చేరింది ఈ కాలువలోనే.

తరవాత రైళ్లు వచ్చాయి, లారీలు వచ్చాయి. తుపాన్లకు గట్లు తెగాయి. లాకులు తుప్పుపట్టాయి. చెన్నై నగరంలో లోకల్ రైలు స్తంభాలు ఆ కాలువలోనే లేచాయి. అయినా 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, తీరం వెంబడి ఉన్న ఆ పాత కాలువే చాలాచోట్ల అలల ఉధృతిని కొంత తనలోకి తీసుకుని వెనకున్న ఊళ్లను కాసింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకూ ఉన్న ఈ కాలువలను గోదావరి, కృష్ణా నదుల్లో కొంత మేరతో కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాలువల్లో మాత్రం ఆ పాత పడవల సందడి తిరిగి రాలేదు.

దేశదేశాల కాలువలు

* చైనాలో బీజింగ్ నుంచి హాంగ్‌ఝౌ వరకున్న మహా కాలువ పొడవు దాదాపు 1,800 కిలోమీటర్లు. దీన్ని 2014లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు.

* 1869లో తెరిచిన సూయజ్ కాలువ పొడవు 193 కిలోమీటర్లు. 2021 మార్చిలో ఒక్క ఓడ అడ్డం తిరిగితే ఆరు రోజులు ప్రపంచ వ్యాపారమే తడబడింది.

* పనామా కాలువ 1914లో మొదలైంది. అక్కడ ఓడల్ని సముద్రమట్టం కన్నా సుమారు 26 మీటర్లు పైకి ఎత్తి, మళ్లీ దించేది మన లొల్ల లాకుల సూత్రంతోనే! ప్రతి ఓడకూ మంచినీరు ఖర్చవుతుంది. అందుకే 2023లో వానలు లేక తిరిగే ఓడల సంఖ్యనే తగ్గించాల్సి వచ్చింది.

గట్టు మీద సంసారం

పడవలు పోయినా కాలువతో పని పోలేదు. డెల్టాలో దారి చెప్పమంటే 'కాలువ గట్టెమ్మట పోయి, లాకుల దగ్గర తిరగండి' అంటారు. ఊళ్ల మధ్య తిరిగే బస్సులకు చాలాచోట్ల కాలువ గట్టే రోడ్డు. పొద్దున్నే గేదెలు దిగేదీ, బాతుల మంద ఈదేదీ, చాకిరేవు బండల మీద బట్టల చప్పుడు వినిపించేదీ కాలువలోనే. ఎండు సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని ఈత నేర్చుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. సాయంత్రమైతే గట్టున గాలం వేసుకుని కూర్చునేవాళ్లుంటారు. చేప పడిందా లేదా అన్నది తరవాతి సంగతి!

కడియం పూలతోటలూ నర్సరీలూ ఇంత పేరు తెచ్చుకున్నాయంటే పక్కనే కాలువ నీరుండటమూ ఓ కారణమే. దేశంలో ఎక్కడెక్కడికో వెళ్లే మొక్కల మొదటి గుక్క ఈ కాలువదే.

భక్తికీ కాలువే తోడు. కార్తిక మాసంలో తెల్లవారుజామునే ఆడవాళ్లు కాలువ మెట్లు దిగి, చన్నీళ్ల స్నానం చేసి దీపాలు వదులుతారు. నెల ముగిసిన మర్నాడు పోలి పాడ్యమి. అరటి దొప్పల్లో వెలుగుతున్న దీపాలు వరసకట్టి వెళుతుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. నది అందుబాటులో లేని ఊళ్లకు గోదావరి అయినా కృష్ణమ్మ అయినా ఆ కాలువే. నది నీరే కదా వచ్చేది!

బిందెలోనూ అదే నీరు

కాలువను కేవలం రైతు వ్యవహారమనుకునే పట్నంవాసులు ఓసారి తమ కుళాయి తిప్పి చూసుకోవాలి. ఒంగోలులో తాగేది సాగర్ కాలువ నుంచి చెరువుల్లో నింపుకొన్న నీరు. హైదరాబాదుకు వచ్చే కృష్ణా నీటిని సాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, కాలువలో అక్కంపల్లికి పంపి, అక్కడినుంచి గొట్టాల్లో తెస్తారు. చెన్నై ప్రజల దాహం తీర్చడానికి తెలుగుగంగ కాలువలో కృష్ణా నీరు 1996లో సరిహద్దు దాటింది.

సముద్రానికి దగ్గరగా ఉన్న డెల్టా ఊళ్లలో పరిస్థితి ఇంకా సున్నితం. అక్కడ బోరు వేస్తే ఉప్పునీరు. అందుకే ప్రతి ఊరికీ మంచినీటి చెరువు ఉంటుంది. దాన్ని నింపేది కాలువే. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఆ ముందు రోజుల్లో చెరువు నిండకపోతే, మళ్లీ కాలువ వదిలేదాకా ఆ ఊరికి ట్యాంకరే దిక్కు. కాలువకు నీరు ఎప్పుడు కట్టేస్తారన్న వార్తను సాగుచేయని ఇల్లాలు కూడా శ్రద్ధగా చదివేది అందుకే.

అంటే పై ఊళ్లో గేదెలు దిగిన నీరు, బట్టలుతికిన నీరు, హోటలువాడు చెత్త పారబోసిన నీరు, చేపల చెరువులోంచి వదిలేసిన నీరు... ఇవన్నీ కలిసి చివరి ఊరి చెరువులో చేరతాయి. దాన్నే వడకట్టి, మందు కలిపి తాగాలి.

చివరి ఎకరం

కాలువ బాగుందో లేదో చెప్పాల్సింది బ్యారేజీ దగ్గర కాదు, శివారు పొలంలో. మొదట్లో ఉన్న రైతుకు తూము తిప్పితే నీళ్లు. చివరి రైతుకు మాత్రం మధ్యలో ఉన్న ప్రతి ఒక్కరూ న్యాయంగా ఉంటేనే నీళ్లు. ఎగువన ఒకరు గట్టుకు దొంగతూము పెట్టినా, ఇంకొకరు అవసరానికి మించి మడి నింపుకొన్నా, పూడిక తీయకపోయినా, గుర్రపుడెక్క అల్లుకుపోయినా మొదట ఎండేది శివారు నారుమడే. నాట్లు ఆలస్యమైతే కోతలూ ఆలస్యమవుతాయి. సరిగ్గా కోతల వేళకు తుపాను కాచుకుని ఉంటుంది. అప్పుడు అదే రైతుకు రెండో దెబ్బ... రాని నీరు కాదు, పోని నీరు! మురుగు కాలువ పూడి ఉంటే వానకు మునిగిన వరి రోజుల తరబడి నీళ్లలోనే నాని, మొలకలెత్తుతుంది.

ఈ సంగతి పాలకులకు తెలియక కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మురుగు పారుదల బాగుచేయడానికే 1968లో డ్రైనేజీ పన్ను చట్టం తెచ్చారు. కాలువల బాధ్యత రైతులకే అప్పగించాలని 1997లో మరో చట్టం చేసి, రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టారు. ఆ తరవాత సంఘాలు కొన్నాళ్లు నడిచీ కొన్నాళ్లు ఆగీ, ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. చట్టం ఎవరిదైనా, గట్టు వెంట నడిచి గండి ఎక్కడ పడబోతోందో చూసే మనిషి కావాలి. ఒకప్పుడు ఆ పని లస్కరుది. చేతిలో కర్ర, తలకు గుడ్డ, రాత్రి అయితే లాంతరు. ఏ తూము ఎంత తెరవాలో, ఏ గట్టు మెత్తబడిందో అతనికి కంఠతా వచ్చు. అలాంటి మనుషులు ఇప్పుడు గట్ల మీద అరుదుగా కనిపిస్తున్నారు.

కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేకపోతే ఏమవుతుందో పట్నానికీ తెలిసొచ్చింది. బుడమేరు వరదను విజయవాడ మీదికి రాకుండా కృష్ణలోకి తిప్పేందుకు వెలగలేరు నుంచి తవ్విన మళ్లింపు కాలువ ఉంది. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీరు కృష్ణను చేరేదీ దాని గుండానే. 2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు ఆ కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ సహా ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. మిద్దెల మీద నిలబడి పాలప్యాకెట్ల కోసం చేతులు చాచినవాళ్లలో, అప్పటిదాకా ఆ కాలువ పేరే విననివాళ్లు ఎందరో! కాలువలో ఎంత నీరు పడుతుంది, గట్టు ఎంత బలంగా ఉంది, పక్కన పల్లంలో ఎందరు ఇళ్లు కట్టుకున్నారు... ఈ మూడు ప్రశ్నలూ వాన రాకముందే అడగాల్సినవి.

కాలువతో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. గట్టు రోడ్లకు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. రాత్రివేళ మలుపు తెలియక కారో, ఆటోనో కాలువలోకి దూసుకెళ్లిన వార్తలు ఏటా చూస్తూనే ఉన్నాం. లోతు తక్కువే కదా అని దిగిన పిల్లలు లాకుల దగ్గర సుడిలో చిక్కుకున్నవీ ఉన్నాయి. గట్టున ఊరున్నప్పుడు పిల్లలకు ఈత నేర్పడం సరదా కాదు, అవసరం. నేర్పేది మాత్రం పెద్దవాళ్లు పక్కనుండి, నీరు నెమ్మదిగా పారేచోటే.

ఇక మనవంతు ఏమిటంటారా? పూజకు వాడిన పూలను ప్లాస్టిక్ కవరుతో సహా విసరకుండా ఉండటం పెద్ద కష్టమేం కాదు. దేవుడికి పూలే కావాలి కానీ కవరు కాదుగా! మే నెలలో కాలువ కట్టేశాక ఓసారి పిల్లల్ని తీసుకుని గట్టెక్కండి. ఎండిన అడుగున ఏమేం పడి ఉన్నాయో వాళ్లనే లెక్కపెట్టమనండి. పాత చెప్పులు, సీసాలు, దిండ్లు, విరిగిన బొమ్మలు, కోళ్ల ఈకలు, మందు డబ్బాలు... అన్నీ గట్టు పక్కనున్నవాళ్లు పారేసినవే. కొద్దిరోజుల్లో వాటి మీదుగానే నీళ్లు బయల్దేరతాయి. అవి ఎక్కడికి వెళతాయని పిల్లలు అడిగితే చెప్పండి... ముందు ఎవరో రైతు నారుమడికి, ఆ తరవాత ఎవరో ఇంటి బిందెలోకి అని!